బంగారు చెట్లున్న బజారు

మొదటి రోజు

అమెరికాలోని మినియాపొలిస్ విమానాశ్రయం తలుపు దాటి బయటికి అడుగు పెట్టగానే ముక్కు లోపల తడి గడ్డకట్టింది. జనవరి నెల. అల్లుడు కారు తెచ్చేదాకా మేం బయట నిలబడింది రెండు నిమిషాలే, ఆలోపే మా ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "ఇవాళ నయం మామయ్యా, మైనస్ 14 డిగ్రీలే" అన్నాడు అల్లుడు సామాను సర్దుతూ.

విజయవాడ బీసెంట్ రోడ్డులో 34 ఏళ్ళు బట్టల కొట్టు నడిపాను. రెండేళ్ళ క్రితం కొట్టు అప్పగించేశాను. మే నెల మధ్యాహ్నాల్లో వీధిలో మనిషి కనబడకపోతే షట్టరు సగానికి దించి, తానుల మీదే తల వాల్చి కునుకు తీసినవాణ్ణి. వాతావరణం గిరాకీని ఎలా చంపుతుందో నాకు తెలుసు. కానీ అక్కడ చంపేది ఎండ. చలి కూడా అంత పనీ చేస్తుందని ఆ సాయంత్రం మా అమ్మాయి వాళ్ళుండే ఈడెన్ ప్రెయిరీ దాకా కారులో వెళ్తుంటే అర్థమైంది. దారి పొడుగునా పేవ్‌మెంట్ మీద ఒక్క మనిషి లేడు.

"నాన్నా, ఈ వారం ఎక్కడికి తీసుకెళ్ళమంటావు?" అని అమ్మాయి ఫోన్లోనే అడిగింది. నేను సౌత్‌డేల్ అన్నాను. "అక్కడేముంది? మామూలు మాల్. దానికంటే పెద్దది ఇక్కడే ఉంది" అంది. పెద్దది నాకెందుకు? మా ఊరికి మాల్ వచ్చిన ఏడాది దసరాకి నా గల్లాపెట్టె ఎంత తేలికైపోయిందో నాకొక్కడికే తెలుసు. చీర కొనడానికి మా కొట్టుకి, చల్లగా తిరగడానికి మాల్‌కి వెళ్ళే పిల్లలు, రెండో ఏడాదికి చీర కూడా అక్కడే కొన్నారు. అప్పట్నుంచీ నాకొకటే ఆలోచన: ఇలా వీధిని తీసుకెళ్ళి లోపల పెట్టి, పైన కప్పు వేసి, చల్లగాలి వదలాలని మొదట ఎవరికి తోచింది? ఎందుకు తోచింది? చదివితే ఈ ఊరి పేరే, ఈ సౌత్‌డేల్ పేరే దొరికింది.

రెండో రోజు

ఇడైనా అనే శివారు పట్టణంలో ఉంది సౌత్‌డేల్. మినియాపొలిస్ నడిబొడ్డు నుంచి కారులో ఎంతో దూరం లేదు. బయటినుంచి చూస్తే నిరాశే. కిటికీలు లేని పొడవాటి గోడలు, చుట్టూ మంచు పేరుకున్న పార్కింగ్ మైదానం. కొట్టువాడికి వీధివైపు మొహం ఉండాలి కదా, గాజుపలకల వెనక బొమ్మలు, తోరణం, బోర్డు. దీనికి అలాంటిదేమీ లేదు. ఊరంతటికీ వీపు చూపిస్తూ కూర్చున్న కట్టడం ఇది. మొహమంతా లోపల దాచుకుంది.

లోపలికి వెళ్ళాక కోటు విప్పి చేతిమీద వేసుకున్నాను. నడిమధ్యన పెద్ద హాలు. పేరు గార్డెన్ కోర్ట్. అంతస్తులన్నీ దాటి కప్పు దాకా ఖాళీ, పైనుంచి వెలుతురు దిగుతోంది. ఆ ఖాళీలోకి లేచి నిలబడ్డాయి రెండు లోహపు చెట్లు. పల్చని రేకులు గుత్తులు గుత్తులుగా కొమ్మలకి అతికినట్టుంటాయి. వాటి పేరే 'బంగారు చెట్లు'. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ శిల్పి హ్యారీ బెర్టోయా చేశాడు. ఈ మాల్‌లో ఎన్నో మారాయి, ఇవి మాత్రం ఉన్నాయి. నేను చాలాసేపు వాటికిందే నిలబడ్డాను. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని, "అత్తిలి గుళ్ళో ధ్వజస్తంభం గంటలు గుర్తొస్తున్నాయి" అంది. గాలికి ఆ రేకులు మోగుతాయేమోనని చూస్తోంది. లోపల గాలి ఎక్కడిది?

1956 అక్టోబర్ 8న ఈ మాల్ తెరిచారు. అది చదివి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది ఆ తర్వాత 24 రోజులకే. మా నాన్నగారు గుంటూరులో కావిడి మీద బట్టలమూట వేసుకుని ఊళ్ళ వెంట తిరుగుతున్న కాలం అది. ఆ రోజుల్లో ఇక్కడ రెండు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, 72 షాపులు, 5,200 కార్లు పట్టే పార్కింగ్‌తో దీన్ని కట్టారు. తెరిచిన రోజే 75 వేలమంది వచ్చారని చెప్తారు. ఏడాది పొడుగునా లోపల 75 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 24. బయట మంచు కురుస్తుంటే లోపల ఆర్కిడ్ పూలు, చేపల కుండీలు, పెద్ద పంజరంలో పక్షులు. 'నిత్య వసంతం' అన్నారు దాన్ని.

ఈ కప్పు ఎందుకు వేశారో మొదటి కారణం చాలా మామూలుది. ఈ మాల్‌ని గీసిన విక్టర్ గ్రూయెన్ లెక్కపెట్టాడు: మినియాపొలిస్‌లో హాయిగా బయట తిరిగి కొనుక్కోదగ్గ రోజులు ఏడాదికి 126 మాత్రమే. మిగిలినవి చలి, మంచు, వాన, లేదంటే ఉక్కపోత. నేనూ అలాంటి లెక్కలే వేసుకునేవాణ్ణి. పెళ్ళి ముహూర్తాలు, పండగలు, బడి తెరిచే నెల, వీటిలోంచి ఎండలూ వానలూ తీసేస్తే మిగిలిన రోజుల్లోనే ఏడాది అద్దె రావాలి. గ్రూయెన్ ఆ లెక్కని తలకిందులు చేశాడు. ముహూర్తం చూసుకుని వ్యాపారం చేయడమెందుకు, ఏడాదంతా ముహూర్తమే అయ్యేలా కప్పు వేస్తే సరి.

వ్యాపారిగా నాకు బాగా పట్టింది రెండో సంగతి. కప్పు ఖర్చు గూబ గుయ్యిమనేలా ఉంటుంది కదా, మరి ఎలా గిట్టింది? వీధిలోని షాపుకైతే ముందువైపు అద్దాలు, తలుపు, చలి ఆపే గోడ, సొంత హీటరు అన్నీ కావాలి. కప్పు కిందున్న షాపుకి ముందు గోడే అక్కర్లేదు. తెరిచి పెట్టుకోవచ్చు. వేడి ఒక్కచోట చేసి అందరికీ పంచితే మొత్తం ఖర్చు తగ్గుతుంది. పైగా రెండంతస్తులుగా దగ్గరగా పేర్చితే నేల తక్కువ పడుతుంది, జనం నడక తగ్గుతుంది. అయితే పై అంతస్తులో షాపుకి గిరాకీ రాదని ఏ వ్యాపారికైనా భయమే. మా విజయవాడ వస్త్రలత బట్టల కాంప్లెక్సులో పై అంతస్తు అద్దె కింద అద్దెతో సమానం ఎప్పుడైనా అయిందా? ఇక్కడ పార్కింగ్ నేలని వాలుగా తీర్చి, ఒక వైపు నుంచి వచ్చినవాళ్ళు కింది అంతస్తులోకి, ఇంకోవైపు నుంచి వచ్చినవాళ్ళు నేరుగా పై అంతస్తులోకి అడుగుపెట్టేలా చేశారు. అప్పుడు పైదేదో, కిందదేదో కొనేవాడికి పట్టదు. నేను రెండువైపుల నుంచీ బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చి చూశాను, చెవులు మొద్దుబారినా సరే. నిజంగానే రెండూ 'కింది' అంతస్తుల్లాగే ఉన్నాయి.

ఇంకో విశేషం. డేటన్స్, డొనాల్డ్‌సన్స్ అని మినియాపొలిస్‌లో రెండు పెద్ద షాపులు, ఒకరంటే ఒకరికి పడని పోటీదారులు. మాల్ కట్టించింది డేటన్ కుటుంబం. జార్జ్ డేటన్ 1902లో పెట్టిన షాపు, అతని మనవలు అయిదుగురు అన్నదమ్ములు అప్పట్లో దాన్ని నడుపుతున్నారు. వాళ్ళు పోటీవాణ్ణే పిలిచి, నా కప్పు కిందే నువ్వూ షాపు పెట్టుకో అన్నారు. రెండు పెద్ద షాపులు రెండు కొసల్లో ఉంటే, ఆ రెంటి మధ్య నడిచే జనం చిన్న షాపుల ముందునుంచి వెళ్ళక తప్పదు. బీసెంట్ రోడ్డులో నా కొట్టుకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెద్ద షాపులుండబట్టే కదా నా బేరాలు సాగింది! ఎదురు కొట్టు శత్రువు కాదు, గిరాకీని లాక్కొచ్చే తాడు అని నాకు పదేళ్ళు పట్టింది తెలుసుకోవడానికి.

ఇప్పుడు డొనాల్డ్‌సన్స్ లేదు, డేటన్స్ పేరూ లేదు. డేటన్స్ మార్షల్ ఫీల్డ్స్ అయ్యి, 2006లో మేసీస్ అయింది. జేసీ పెన్నీ అనే పెద్ద షాపు ఉన్నచోట 2019లో పెద్ద వ్యాయామశాల తెరిచారు. వెనక్కొచ్చేటప్పుడు పార్కింగ్ మూలలో కొత్త అపార్ట్‌మెంట్లు కనిపించాయి. 2014లో కట్టినవట. "అక్కడ అద్దెలు అడగకు నాన్నా" అంది అమ్మాయి. ఆ ఇళ్ళ గురించి రేపు రాస్తాను, దానికి గ్రూయెన్ కథ కావాలి.

మూడో రోజు

రాత్రినుంచీ మంచు. బయటికి కదల్లేదు. అమ్మాయి ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటోంది, మా ఆవిడ గోంగూర పచ్చడి మూట విప్పింది. నేను కిటికీ దగ్గర కూర్చుని గ్రూయెన్ గురించి దొరికిందల్లా చదివాను.

ఆయన అసలు పేరు విక్టర్ డేవిడ్ గ్రూన్‌బౌమ్. 1903లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పగలు ఆర్కిటెక్టు, రాత్రి రాజకీయ హాస్యనాటికలు వేసే నటుడు. 1938లో హిట్లర్ సేన ఆస్ట్రియాని ఆక్రమించుకుంది. నాజీ యూనిఫాం వేసుకున్న ఒక స్నేహితుడు కారులో విమానాశ్రయం దాకా దింపితే దేశం దాటాడు. న్యూయార్క్‌లో అడుగుపెట్టినప్పుడు జేబులో ఎనిమిది డాలర్లు, ఇంగ్లీషు రాదు. మరుసటి ఏడాదికే ఫిఫ్త్ అవెన్యూలో ఒక తోలు సంచుల షాపుకి ముందుభాగం గీసి పేరు తెచ్చుకున్నాడు. వీధిలోంచి వెళ్ళేవాడు తనకు తెలియకుండానే సగం లోపలికి వచ్చేసేలా, గాజు పెట్టెలతో చిన్న వసారా లాంటిది కట్టాడు. గుమ్మం ఎక్కడ మొదలైందో తెలియకూడదు, అదీ కిటుకు. నా కొట్టు గుమ్మానికున్న రెండు మెట్లు తీసేయమని మా తమ్ముడు పోరేవాడు, నేను వినలేదు. ఇది చదివాక వాడికి ఫోన్ చేయాలనిపించింది.

గ్రూయెన్‌కి అమెరికా శివార్లు నచ్చలేదు. యుద్ధం తర్వాత లక్షలమంది ఊరి బయట ఇళ్ళు కట్టుకున్నారు. ఇల్లు ఒకచోట, పని ఒకచోట, పాలు కొనాలన్నా కారు తీయాలి. రోడ్డు పక్కన ఎవడికి వాడు పెట్టుకున్న షాపుల వరస, మెరిసే బోర్డులు. నలుగురు కలుసుకునే చోటే లేదు. వియన్నాలో అలా ఉండదు. కింద షాపు, పైన ఇల్లు, మూలన కాఫీ కొట్టు, మధ్యన చెట్లున్న కూడలి. ఆ కూడలిని శివారుకి తెద్దామనుకున్నాడు. డెట్రాయిట్ దగ్గర 1954లో తెరిచిన నార్త్‌లాండ్‌తో మొదటి అడుగు వేశాడు. అది పైకప్పు లేనిది. రెండో అడుగు సౌత్‌డేల్.

సౌత్‌డేల్ కోసం ఆయన గీసింది మాల్ ఒక్కటే కాదు. డేటన్లు కొన్నది 463 ఎకరాలు. దానిలో మధ్యన మాల్, చుట్టూ ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, బడి, వైద్యశాల, పార్కు, చెరువు. అంటే ఒక ఊరు. కానీ మాల్ తెరవగానే చుట్టుపక్కల నేల ధరలు ఎగిరిపోయాయి. నేల ముక్కలుగా అమ్ముడుపోయింది, ఎవరికి కావలసింది వాళ్ళు కట్టుకున్నారు. 1965లో ఆసుపత్రి వచ్చింది, అదీ కొంతవరకు ఆయన అనుకున్నదే. మిగతాది మామూలు శివారే అయింది. ఊరంతటికీ ప్లాన్ గీస్తే, గల్లాపెట్టె ఒక్కటి కట్టి మిగతాది వదిలేశారు. నిన్న చూసిన ఆ అపార్ట్‌మెంట్లు నన్ను అందుకే ఆపాయి. మాల్ పక్కనే మనుషులు కాపురముండాలన్న ఆయన మాట, దాదాపు 60 ఏళ్ళ తర్వాత, పార్కింగ్‌లో ఒక మూల నిలబడింది.

ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే గొప్ప ఆర్కిటెక్టు మాల్ తెరిచిన ఏడాది నవంబర్‌లోనే వచ్చి సౌత్‌డేల్‌ని చూసి తిట్టిపోశాడు. ఊరివీధికి ఉండే చెడ్డవన్నీ దీనికి ఉన్నాయి, దాని అందం మాత్రం రాలేదన్నాడు. నాకు ఆ మాట సగమే నిజమనిపించింది. నిన్న ఆ చెట్ల కింద కూర్చున్న ముసలివాళ్ళకి ఆ మైనస్ డిగ్రీల చలిలో ఇంకే వీధి ఉంది?

మనకు తెలిసిన వ్యాపారమే కనక ఇంకొకటి చెప్పాలి. గ్రూయెన్ ఒక్కడి తెలివితో అమెరికా అంతా మాల్స్ లేవలేదు. 1954లో అక్కడి పన్ను చట్టం మారింది. కొత్తగా కట్టిన వాణిజ్య కట్టడానికి తరుగుదలని, అంటే ఏటా దాని విలువ తగ్గిందని లెక్కల్లో చూపే ఖర్చుని, మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా రాసుకోవచ్చన్నారు. లాభం వస్తున్నా కాగితం మీద నష్టం చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. దాంతో డాక్టర్లు, లాయర్లు కూడా మాల్స్‌లో డబ్బు పెట్టారు. పాత ఊళ్ళో పాత బిల్డింగు బాగు చేయడం కంటే ఊరి బయట పొలంలో కొత్తది లేపడమే లాభం. 1956 జూన్‌లో హైవేల చట్టం వచ్చింది, 41 వేల మైళ్ళ రోడ్లు, ఖర్చులో 90 శాతం కేంద్రానిదే. తరుగుదల ఒకవైపు, తారురోడ్డు ఒకవైపు. బీసెంట్ రోడ్డులాంటి వీధులు అమెరికాలో ఎందుకు ఖాళీ అయ్యాయంటే, కొనేవాళ్ళ మనసు మారడం ఒక్కటే కారణం కాదు. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే, నా కొట్టు గురించి నన్ను నేను తిట్టుకున్న రాత్రులు కొన్ని తగ్గేవి.

నాలుగో రోజు

మంచు ఆగింది. ఊరి నడిబొడ్డుకి వెళ్ళాం. నికొలెట్ వీధి మీద డేటన్ల పాత పెద్ద షాపు 2017 మార్చిలో మూతపడింది. మేం వెళ్ళేసరికి లోపల పని జరుగుతుండేది, ఆఫీసులుగా మారుస్తూ ఉన్నారు. అద్దాల మీద చెయ్యి ఆనించి లోపలికి చూశాను. ఖాళీ అంతస్తు, దుమ్ము, స్తంభాలు. కొట్టు ఖాళీ చేసిన రోజు రాత్రి నా కొట్టూ ఇలాగే కనిపించింది. బీరువాలు తీసేశాక గోడ మీద వాటి ఆకారంలో తెల్లటి మచ్చలు మిగిలాయి.

ఈ కుటుంబమే ఊరి బయట సౌత్‌డేల్ కట్టి, తన ఊళ్ళో షాపుకి తనే పోటీ తెచ్చుకుంది. వాళ్ళకది తెలియక కాదు. మనం కట్టకపోతే ఇంకొకడు కడతాడని ధైర్యం చేశారు. 1962లో రోజ్‌విల్లో టార్గెట్ అనే చవక షాపు మొదలుపెట్టిందీ వాళ్ళే. చివరికి తాత షాపు పోయి, మనవల చవక షాపే దేశమంతా నిలబడింది.

నడిబొడ్డు వ్యాపారులు ఊరుకోలేదు. 1962లో రెండు బిల్డింగుల మధ్య రోడ్డు మీదుగా గాజు వంతెన వేశారు. అలా వేసుకుంటూ పోయి, ఇప్పుడు దాదాపు పది మైళ్ళ దాకా స్కైవేలు ఉన్నాయి. కోటు లేకుండా బ్యాంకు నుంచి హోటలుకి, హోటలు నుంచి ఆఫీసుకి నడవొచ్చు. కింద నికొలెట్ వీధిని 1960ల చివర్లో కార్లు లేకుండా చేసి, బస్సులూ నడిచేవాళ్ళూ మాత్రం తిరిగేలా మార్చారు. సౌత్‌డేల్‌ని చూసి ఊరే తనని మాల్‌గా మార్చుకోవాలని చూసిందన్నమాట. మేం స్కైవేలో గంటసేపు నడిచాం. కింద వీధిలో జనం పల్చగా ఉన్నారు. పైన ఆఫీసువాళ్ళు భోజనం పొట్లాలతో హడావుడిగా పోతున్నారు. సాయంత్రం ఆరు దాటాక అక్కడా ఎవరూ ఉండరని అల్లుడు చెప్పాడు.

అయిదో రోజు

పొద్దున ఇడైనాలోనే కంట్రీ క్లబ్ అనే పాత పేట చూపించమన్నాను. 1920ల్లో కట్టిన అందమైన ఇళ్ళు, ఎత్తయిన ఎల్మ్ చెట్ల ఆనవాళ్ళు, వంపు తిరిగిన వీధులు. ఆ ఇళ్ళ దస్తావేజుల్లో ఒక షరతు రాసి ఉండేది: తెల్లవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. పని చేయడానికి వచ్చే మనిషికి మాత్రం మినహాయింపు. ఇలాంటి షరతులన్నిటినీ దస్తావేజుల్లోంచి వెతికి, మ్యాపు మీద గుర్తుపెట్టే పని మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు 'మ్యాపింగ్ ప్రెజుడిస్' పేరుతో చేస్తున్నారు. సౌత్‌డేల్ పుట్టింది ఈ పట్టణంలో. కూడలి అందరిదీ అని గ్రూయెన్ అన్నాడు, కానీ ఆ కూడలి ఉన్న పట్టణంలో ఇలాంటి పేటల్లో ఎవరు ఉండొచ్చో దస్తావేజులు ముందే తేల్చేశాయి. మా అమ్మాయి ఆ వీధిలో ఏమీ మాట్లాడలేదు. ఆ పట్టణం పక్కనే ఇల్లు కొనుక్కుని ఉంటోంది తను.

మధ్యాహ్నం ఉత్తరం వైపు బ్రూక్లిన్ సెంటర్ వెళ్ళాం. సౌత్‌డేల్ తర్వాత డేటన్లే కట్టిన మాల్ బ్రూక్‌డేల్, 1962ది. 2010లో మూసేసి చాలా భాగం కూల్చేశారు. ఆ తర్వాత అక్కడ వాల్‌మార్ట్, విడివిడి షాపులు వచ్చాయి. పది నిమిషాలు ఉన్నాం. చూడ్డానికి ఏమీ లేదు.

ఆరో రోజు

మా అమ్మాయి పట్టుబట్టి మాల్ ఆఫ్ అమెరికాకి తీసుకెళ్ళింది. 1992 ఆగస్టులో తెరిచారు. అంతకుముందు అక్కడ బేస్‌బాల్ స్టేడియం ఉండేది. రంగులరాట్నాలున్న చోట నేలలో ఆనాటి హోమ్ ప్లేటు, అంటే బ్యాటు పట్టినవాడు నిలబడే చోటు గుర్తు, దూరంగా గోడ మీద ఎర్ర కుర్చీ ఒకటి ఉన్నాయి. 1967లో హార్మన్ కిల్లెబ్రూ అనే ఆటగాడు కొట్టిన బంతి 520 అడుగులు ఎగిరి పడిన చోటట అది. మా మనవడు ఆ కుర్చీ చూసి కేకలు పెట్టాడు. నడవాల్లో హీటర్లు పెట్టలేదట, దీపాల వేడీ, పైకప్పు అద్దాల్లోంచి వచ్చే ఎండా, తిరిగే మనుషుల ఒంటివేడీ సరిపోతాయట! ఏడాదికి నాలుగు కోట్లమంది వస్తారని అప్పట్లో మాల్ వాళ్ళే చెప్పేవారు.

నాకు తల తిరిగింది. గ్రూయెన్ పేరు పెట్టి పిలిచే ఒక మాట ఉంది, 'గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్' అని. ఏదో ఒక వస్తువు కోసం వచ్చిన మనిషి ఆ వెలుతురుకీ హడావుడికీ దారి మరిచి, వచ్చిన పని మరిచి, కనబడిందల్లా కొనే స్థితికి జారిపోవడం. ఆయన కోరుకున్నది అది కాదు. ఆయన 1968లో వియన్నాకి తిరిగి వెళ్ళిపోయాడు. అక్కడ ఊరి దక్షిణాన 1976లో పెద్ద మాల్ తెరిచారు. పుట్టిన ఊళ్ళో చిన్న షాపులని అది మింగుతుందని బాధపడ్డాడు. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఈ మాల్స్ తన బిడ్డలు కావనీ, వీటికి తను భరణం చెల్లించననీ తేల్చేశాడు. 1980లో పోయాడు.

సాయంత్రం ఒకటి గమనించాను. మూడు గంటలు తిరిగినా ఆ మాల్‌లో ఒక్క కరపత్రం చేతికి రాలేదు, ఒక్క చందా అడిగేవాడు కనిపించలేదు. ఇక్కడే జంతుచర్మం కోట్లకి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవాళ్ళ కేసులో, మాల్ సొంత ఆస్తి కనక అక్కడ వాక్ స్వాతంత్ర్యపు హక్కు వర్తించదని 1999లో మిన్నెసోటా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బీసెంట్ రోడ్డులో నా కొట్టు ముందు జాజిపూల బుట్టతో ఒకావిడ పాతికేళ్ళు కూర్చుంది. ఆవిడకి అద్దె లేదు, నేను లేవమని అనలేదు. ఎన్నికలొస్తే జెండాలు, కార్తీక మాసంలో భజన, సమ్మె అయితే నినాదాలు, అన్నీ నా గుమ్మం ముందునుంచే. గిరాకీకి ఇబ్బందని విసుక్కున్న రోజులున్నాయి. కానీ వీధి అంటే అదంతా. కప్పు వేసిన మనిషి కాఫీ కొట్టునీ చెట్లనీ పక్షుల్నీ లోపలికి తేగలిగాడు. పూలావిణ్ణి తేలేకపోయాడు, తెచ్చినా యజమానులు ఉండనివ్వరు.

ఏడో రోజు

వెళ్ళే ముందు మళ్ళీ ఒకసారి సౌత్‌డేల్ చూస్తానన్నాను. పొద్దున్నే, షాపులు తెరవకముందు. అల్లుడు ఆఫీసుకి వెళ్తూ మమ్మల్ని దింపాడు.

షట్టర్లన్నీ వేసి ఉన్నాయి. హాలులో మాత్రం జనం ఉన్నారు. తెల్లజుట్టు ముసలివాళ్ళు, బూట్లు వేసుకుని, కోట్లు కుర్చీల మీద పడేసి, వరండా వెంట చుట్లు తిరుగుతున్నారు. మేమూ కలిశాం. రెండో చుట్టులో వెనకనుంచి "ఏవండీ, మీరు తెలుగువాళ్ళా?" అని వినబడింది. ఉన్ని టోపీ, లోపల పంచెకట్టు లాంటి పైజమా. తెనాలి ఆయన. కొడుకు దగ్గరికి వచ్చి మూడు నెలలైందట. "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందండీ. అబ్బాయి రోజూ ఇక్కడ దింపి పోతాడు. ఒక్క పైసా ఖర్చు లేదు, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు" అన్నాడు. వ్యవసాయం, మోకాళ్ళు, వడ్ల రేటు మాట్లాడుకుంటూ నాలుగు చుట్లు తిరిగాం.

మా ఆవిడ అలిసిపోయి బంగారు చెట్ల కింద బెంచీ మీద కూర్చుంది. పక్కన ఎనభైకి దగ్గరపడ్డ ఒక స్థానికురాలు. వీళ్ళిద్దరికీ భాష కుదరదు. నేను వెళ్ళి మధ్యలో కూర్చున్నాను. ఆ పెద్దావిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మాల్ తెరిచిన మొదటి చలికాలంలో, వాళ్ళమ్మ వెంట వచ్చిందట. ఏం కొన్నారో గుర్తులేదంది. పక్షులు గుర్తున్నాయంది. లేచి, నాలుగడుగులు వేసి, హాలు మధ్యన ఒకచోట నిలబడి, పంజరం ఎక్కడి దాకా ఉండేదో చేతులు చాపి చూపించింది. మా ఆవిడ "ఏం పిట్టలో అడగండి" అంది. అడిగాను. పేర్లు తెలియవని తల అడ్డంగా ఊపి, పెదాలు గుండ్రంగా చేసి సన్నగా ఈల వేసింది.

మా ఆవిడ నవ్వుతూ తనూ ఒకసారి వేయబోయింది. అంతలో పది అయినట్టుంది, కింది అంతస్తులో మొదటి షట్టరు చప్పుడు చేస్తూ పైకి లేచింది. నడిచేవాళ్ళు ఒక్కొక్కరే కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు.